బంద్ నాడు వికీ పెట్టబోతె

నవ్వితె నవ్వుండ్రి గని, చాయ్ సల్లారకముందే ఇనుండ్రి. పోయిన నెల తెలంగాణ బంద్ యాదికున్నదా? మా కోరుట్లల గా బంద్ ఎంత గట్టిగ అయ్యిందంటె, దాని దెబ్బ అందరికంటె ఎక్కువ నాకే తలిగింది. చేయించింది సుత నేనే!

అసలు సంగతేందంటె, మాకు కాలేజీల తెలుగు చెప్పిన నర్సయ్య సార్ ఇరవై ఏండ్ల సంది మన దిక్కు మాటలన్ని నోటుబుక్కులల్ల రాస్తున్నడు. సారంగాపూర్ కాడికెల్లి ధర్మపురి దాక ఊరూరు తిరిగి, ముసలోళ్ల పక్కన కూసోని రాసుకున్నడు. మన భాష ఇని నవ్వేటోళ్లకు ఇదే జవాబని సార్ పట్టుదల. బంద్ తెల్లారి సిరిసిల్లల ఉద్యమ సభ. అండ్ల గా మాటలు కొన్ని తెరమీద సూపెట్టాలె.

"సార్, వికీ పెడ్త. అంటె నెట్ల పుస్తకం అసొంటిది. ఎవలైనా సదువొచ్చు, తప్పుంటె ఎవలైనా దిద్దొచ్చు. నాకు అర్ధగంట పని" అన్న.

"శీనూ, నెలాఖరుకు నేను రిటైరైత. నోటుబుక్కులు చెదలు పట్టకముందే నలుగురు సూస్తె సాలు నాకు" అన్నడు సార్. గా మాటతోని నాకు ఇంకింత జోష్ అచ్చింది.

నేను మా గల్లీ బంద్ కమిటీల ఉన్న. గా రోజు పొద్దుగాల్లనే కండువా ఏస్కోని మా కాంప్లెక్స్ మొత్తం తిరిగిన. మీద ఖాజా భాయ్ ఫోటో స్టూడియో. మెట్ల కాడనే నిలవడి ఒర్రిన.

"భాయ్, బంద్ అంటె పూరా బంద్! ఒక్క స్విచ్ సుత ఆన్ ఉండద్దు!"

"అట్లనే శీను భాయ్! జై తెలంగాణ!" అన్నడు పైకెల్లి.

ఇగ కింద నా కంప్యూటర్ సెంటర్ల దూరి, లోపలికెల్లి షటర్ గుంజుకున్న. బంద్ దుకాణాలకు గని, ఉద్యమం పనికి బంద్ ఏంది? నాలుగింటికి సార్ అస్తడు, అప్పటికి సూపెట్టాలె. వికీ సాఫ్ట్‌వేర్ ఎక్కిచ్చిన. నెక్స్ట్ కొట్టిన, మల్ల నెక్స్ట్ కొట్టిన. డేటాబేస్ కాడికచ్చి ఆగింది. ఎర్ర అక్షరాలు! డేటాబేస్ ఉండే సర్వర్ మిషన్‌కు కనెక్ట్ అయితలేదట.

ఎర్రర్ పూరా సదివే అలవాటు నాకు ఎన్నడు లేదు. పాస్‌వర్డ్ తప్పు కొట్టిన్నేమో అనుకోని మల్ల కొట్టిన. అదే ఎర్రర్. క్యాప్స్ లాక్ సూసిన. యూజర్ పేరు మార్చిన. పోర్ట్ నెంబర్ మార్చిన. ఫైర్‌వాల్ తీసేసిన. మొత్తం తుడిచి మొదటికెల్లి ఎక్కిచ్చిన, ఒక్కసారి గాదు, మూడుసార్లు! షటర్ ఏసున్నది, లోపల ఉడుకు, అయినా నాకు రంది లేదు. నా చేతిల పడ్డ మిషన్ ఏడికి పోతది?

ఒంటిగంటకు జగిత్యాలల ఉండే దోస్తు మల్లేశంకు ఫోన్ కొట్టిన. వాడు సుత కంప్యూటర్ల పనే చేస్తడు. అంత ఇని నిమ్మలంగ అడిగిండు, "అన్నా, ముందు గా సర్వర్ ఆన్‌ల ఉందా?"

నాకు మండింది! "పదేండ్ల సర్వీసు నాది. నన్ను గదడుగుతవా?" అని ఫోన్ కట్ చేసిన.

మూడున్నరకు షటర్ టకటక చప్పుడైంది. కమిటీ మెంబరే లోపల పని చేస్కుంట దొరికితె ఇజ్జత్ ఏముంటది? సగం లేపి సూస్తె ఖాజా భాయ్, చేతిల చాయ్ ఫ్లాస్కు.

"ఏంది భాయ్, గీ చెమటలేంది?"

"సర్వర్ దొరుకుతలేదు భాయ్. పొద్దటి సంది పానం తీస్తున్నది."

ఖాజా భాయ్ నన్ను ఎగాదిగ సూసిండు. "నీ సర్వరా? అది నా స్టూడియోల ఉన్నది గద! ఇన్వర్టర్ ఉందని మొన్న నువ్వే తెచ్చి పెట్టినవ్. పొద్దుగాల్ల ఒక్క స్విచ్ సుత ఆన్ ఉండద్దని నువ్వే ఒర్రినవ్. స్టూడియో మెయిన్ బంద్ చేసిన. ఇన్వర్టర్ సుత బంద్ చేసిన. కసమ్ సే, నీ మాట దాటలే!"

మెట్లు రెండేసి ఎక్కి ఉరికిన, స్విచ్ ఏసిన, కిందికి ఉరికిన. మార్చినయన్ని మల్ల ఎన్కకు మార్చిన. పొద్దుగాల్ల మొట్టమొదలు కొట్టిన పాస్‌వర్డే కరెక్టట! వికీ తెరుసుకున్నది, సార్ సుత అప్పుడే లోపలికచ్చిండు.

తెరను సూసి సార్ అద్దాలు తీసి తుడుసుకున్నడు. గని ఖాజా భాయ్ ఊకుంటడా? జరిగిందంత పూస గుచ్చినట్టు చెప్పిండు. సార్ నవ్వలే. నోటుబుక్కు తిప్పి, "మొదటి మాట 'ఆగమాగం' అని కొట్టు శీనూ. ఉదాహరణ నేను చెప్త" అన్నడు. సార్ చెప్తుంటె నా చేతులతోనే కొట్టిన: "శీను పొద్దుగాల్ల సర్వర్‌ను తానే బంద్ చేయించి, నడుస్తలేదని పగలంత ఆగమాగమైండు."

తెల్లారి సిరిసిల్లల తెరమీద మొదలు గదే పడ్డది. సభంత ఒకటే నవ్వు, దాని ఎన్క సార్‌కు ఒకటే చప్పట్లు. సార్ మొఖం సూసి, పోనీ తియ్ అనుకున్న.

ఇప్పుడు వికీని నెట్ల పెట్టినం. గా లైన్ నేను చాటుంగ పదిసార్లు చెరిపిన. చెరిపిన గంటల దుబాయ్‌ల ఉన్న నా పాత స్టూడెంట్లు మల్ల ఎక్కిస్తున్నరు. టైపింగ్ నేర్పింది నేనే గద, ఒక్కడు సుత తప్పు కొడ్తలేడు!