సంతకం లేని మూడు కొలతలు

మా లైబ్రేరియన్ సార్ పోయారని నాకు ఫోన్ చేసింది లైబ్రరీ వాచ్‌మన్. పొద్దున పళ్ళు తోముకుంటున్నాను. "సార్ పోయినాడన్నా" అన్నాడు. నేను నమ్మలేదు. మీసాలు రాకముందు నుంచీ ఊరందరికీ దొంగ ఫోన్లు చేసిన వాణ్ణి కదా, ఇన్నాళ్ళకు ఎవరో బదులు తీర్చుకుంటున్నారని అనుకున్నాను. "అట్లనా. సార్‌కే ఒకసారి ఫోనియ్యి, ఎన్ని గంటలకు పోయినాడో ఆయన్నే అడుగుదాం" అన్నాను.  అవతల ముక్కు చీదిన శబ్దం వినబడింది. నోట్లో నురగతో అట్లే తొట్టి గట్టు మీద కూర్చుండిపోయాను.

ఆ మాట సార్ విని ఉంటే నవ్వేవారు. నా పరాచికాలకు ఆయన నవ్వనిది ఒక్కసారే. ఆ ఒక్కసారి గురించి చెప్పకుండా ఆయన గురించి ఎంత మంచి రాసినా అది దొంగ మంచే అవుతుంది.

పదో తరగతి రెండుసార్లు తప్పిన నన్ను యూనివర్సిటీ లైబ్రరీలో అటెండరుగా పెట్టుకున్నారు. పుస్తకాలు మోయడానికి చదువెందుకు అనుకున్నారేమో. చేరిన వారంలోనే ప్రొఫెసర్లు కూర్చునే గదిలో ఫ్యాను స్విచ్చికి 'లైటు' అనీ, లైటు స్విచ్చికి 'ఫ్యాను' అనీ చీటీలు అంటించాను. డాక్టరేట్లు ఉన్న ముగ్గురు పెద్దమనుషులు మే నెల ఎండకు చెమటలు కక్కుతూ పది నిమిషాలు లైటు వేసి ఆర్పుతూ గడిపారు. సార్ నన్ను పిలిపించారు. ఉద్యోగం ఊడిందనుకున్నాను. ఆయన ఆ రెండు చీటీలూ చేతిలో పట్టుకుని, "బాగా అంటించినావప్పా. యాడా వంకర పోలేదు. రేపట్నుంచి పుస్తకాలకు నెంబరు చీటీలు నువ్వే అంటించు" అన్నారు. అంతే. పదేళ్ళు అంటించాను.

ఆయనది ఆదోని వైపు. డబ్బులను దుడ్లనేవారు. చెవి మీద ఎప్పుడూ అర పెన్సిలు ఉండేది. కొత్త పుస్తకం వస్తే ముందు వాసన చూసి, తర్వాతే పేరు చూసేవారు. ఇంటి నుంచి బొరుగుల ఉగ్గాని తెచ్చుకున్న రోజు డబ్బా మూతలో సగం పెట్టి నా బల్ల మీదికి తోసేవారు. "నువ్వు తిను" అనేవారు కాదు. "ఉప్పు సరిపోయిందా చూడు" అనేవారు. ప్రతిసారీ సరిపోయేది.

ఓపెన్ సైన్స్ అనే మాట మొదట ఆయన నోటనే విన్నాను. "అదేంది సార్, తలుపులు తీసి చేసే సైన్సా?" అని ఎగతాళి చేశాను.

"అంతే అప్పా. తలుపు తీసి చేస్తే ఎవరన్నా లోపలికొచ్చి, ఈడ తప్పు ఉండాది అని చెప్తారు. మూసుకుని చేస్తే మన తప్పు మనకే ముద్దొస్తాది."

మా ప్రొఫెసర్లకు ఆ మాట గొంతు దిగలేదు. కష్టపడి పోగుచేసిన లెక్కలు ఊరికే ఊరందరికీ ఎందుకివ్వాలని ఒకాయన లైబ్రరీకి వచ్చి మరీ గొడవ పెట్టుకున్నాడు. సార్ గొంతు పెంచలేదు. "ఊరికే ఇయ్యొద్దు సార్, మీ పేరు పెట్టే ఇయ్యండి. బీరువాలో పెట్టి తాళమేస్తే చెదలు తప్ప ఎవరూ చదవరు" అన్నారు. ఆ ప్రొఫెసరు వెళ్ళిపోయాక, ఆయన బీరువాలో చెదలైనా ఆకలితో చస్తాయని నేనన్నాను. సార్ నోటికి తువాలు అడ్డం పెట్టుకుని నవ్వారు.

లెక్కలు ఇచ్చేవాళ్ళు లేకపోతే మనమే కొలుద్దామని ఆయన బావుల పని మొదలుపెట్టారు. కమలాపురం నుంచి ఓర్వకల్లు దాకా కొందరు రైతులు, ప్రతి అమావాస్యకూ తమ బావిలో నీళ్ళు ఎంత లోతున ఉన్నాయో తాడు వేసి కొలిచి లైబ్రరీకి ఫోన్ చేయాలి. మేము రిజిస్టరులో రాసి కంప్యూటరులో పెట్టాలి. దాన్ని ఎవరైనా చూడొచ్చు, వాడుకోవచ్చు, తప్పు పట్టొచ్చు. కర్నూలు వైపు రెండు కాలేజీలు, పక్క రాష్ట్రంలో నీళ్ళ మీద పరిశోధన చేసే ఒక అమ్మాయి ఇందులో కలిశారు. వాళ్ళందరినీ కలిపి పట్టుకున్నది మా లైబ్రరీ.

తాళ్ళు మేమే తయారుచేశాం. చదువుకునే హాల్లో బల్లలు పక్కకు జరిపి సార్, నేను నేల మీద కూర్చుని అడుగుకొక ముడి వేశాం. ప్రతి పదో ముడికీ ఎర్ర పేలిక, చివర రాయి. లైబ్రేరియన్‌కు జీతం చాలక తాళ్ళ వ్యాపారం పెట్టాడని క్యాంటీన్లో నేనే పుకారు పుట్టించాను. ఇద్దరు లెక్చరర్లు వచ్చి, బర్రెను కట్టేసే తాడు ఎంత అని అడిగారు. సార్ ఒకాయనకు నిజంగానే ఒకటి ఇచ్చి పంపారు.

రిజిస్టరు దగ్గర మాత్రం ఆయనతో ఆటలు సాగవు. అందులో చెరిపేది లేదు, దిద్దేది లేదు. తప్పు రాస్తే దాని మీద ఒక్క గీత కొట్టాలి, కింది అంకె కనబడుతూ ఉండాలి. పక్కన సరైనది రాసి, తప్పు రాసినవాడే సంతకం పెట్టాలి. రోజూ తప్పులు రాసే నేను, "నా సంతకాలతోనే పుస్తకం నిండిపోతాది సార్" అంటే, "నిండనీ. సంతకాలుండే పుస్తకాన్నే జనం నమ్మేది" అన్నారు.

ఫోన్లు ఎత్తే పని నాది. రైతులతో వాళ్ళ భాషలో మాట్లాడతానని సార్ ఇచ్చారు. తాడు పట్టిన రైతుల్లో కమలాపురం దగ్గర మా మామ కూడా ఒకడు, మా అమ్మకు అన్న. తన బావి గురించి గొప్పలు చెప్పకుండా ఆయనకు టీ దిగదు. ఆ ఏడు వానలు లేవు. ఒక అమావాస్యకు ఫోన్ చేసి, "నలభై రెండు అడుగులకు పోయినాయి అల్లుడూ" అన్నాడు, గొంతు తగ్గించి. తగ్గిన మామ గొంతు వినగానే నాకు దురద పుట్టింది. నలభై రెండుకు బదులు ఇరవై రెండు రాశాను.

కంప్యూటరు పటంలో చుట్టుపక్కల బావులన్నీ ఎర్ర చుక్కలు, మామ బావి ఒక్కటే నీలం చుక్క. సెలవు రోజు ఊరికి పోయి, బస్సులు ఆగే చోట టీ కొట్టు దగ్గర ఫోనులో అందరికీ చూపించాను. "ఏం మామా, గంగమ్మ నీ బాయిలోనే కాపురం పెట్టిందంట గదా" అని జనం ఆయన్ని ఆడుకున్నారు. ఎక్కడో పొరపాటు పడిందని మామ గొణిగాడు. నేను పొట్ట పట్టుకుని నవ్వాను. తర్వాతి అమావాస్యకూ అట్లే రాశాను. ఆ తర్వాతిదీ. మూడు కొలతలు.

పక్క రాష్ట్రం అమ్మాయి ఆ నీలం చుక్కను చూసింది. కరువులో నీళ్ళు పైకొచ్చిన బావి అంటే అందులో ఏదో విశేషం ఉందని సార్‌కు రాసింది. మా వాళ్ళ కొలతల్లోంచి కొత్త సంగతి బయటపడిందని సార్ ఆ ఉత్తరాన్ని ప్రొఫెసర్ల మీటింగులో చదివి వినిపించారు. చెవి మీది పెన్సిలు తీసి ఊపుతూ చదివారు. అప్పుడైనా చెప్పి ఉండొచ్చు. నేను టీలు అందిస్తూ ఊరుకున్నాను. నాది కాంట్రాక్టు ఉద్యోగం. అది ఒక సాకు. అంత సంతోషంగా ఉన్న మనిషి ముఖం మీద నీళ్ళు చల్లలేకపోయాను. అది ఇంకో సాకు.

ఆ అమ్మాయి పరికరాలు మోసుకుని బస్సులో వచ్చింది. మంచి ఎండల్లో సార్, ఆమె, నేను, చూడవచ్చిన ఊరి జనం, అందరం బావి గట్టు మీద నిలబడ్డాం. తాడు వదిలితే రాయి బురదలో కూరుకుంది.  వెనక నుంచి ఒకడు, "దొంగ లెక్కలు చెప్పి పేరు కొట్టేద్దామనుకున్నాడు" అన్నాడు. నేను ఏం రాశానో మామకు అప్పటికే అర్థమైంది. నలభై రెండని ఆయన చెప్పింది నాకే కదా. నా వైపు ఒకసారి చూసి, సార్‌తో, "నేనే తప్పు చెప్పినానేమో సార్. వయసైపోయింది" అన్నాడు.

సార్ మోటారు రూము గోడ వైపు నడిచారు. ఫోన్ చేసే ముందు ప్రతి కొలతనూ మామ ఆ గోడ మీద బొగ్గుతో రాసుకునేవాడని నాకు తెలియదు. నలభై రెండు, నలభై నాలుగు, నలభై ఆరు. సార్ ఆ అంకెల మీద వేలు పెట్టి ఒక్కొక్కటే చదివారు. తర్వాత జనం వైపు తిరిగి, "ఈయన చెప్పింది సరిగ్గానే ఉండాది. తప్పు మా లైబ్రరీలో జరిగింది" అన్నారు. నన్ను చూడలేదు. ఆయన ముఖంలో నవ్వు లేనిది ఆరోజే.

తిరుగు బస్సులో శనక్కాయలు కొని సగం నా ఒళ్ళో పోశారు. చాలా దూరం వచ్చాక అన్నారు: "ఎవరు రాసినారని నేను అడగనప్పా. ఆ పేరు నేను రాస్తే ఫిర్యాదు అయితాది. వాడు రాసుకుంటే దిద్దుబాటు అయితాది." నేను శనక్కాయలు ఒలుస్తూ కిటికీలోంచి చూశాను.

ఆ అమ్మాయికి ఆయనే క్షమాపణ రాశారు. పటం పక్కన, తప్పు రైతుది కాదు, లైబ్రరీది అని అందరికీ కనబడేట్టు పెట్టారు. ప్రొఫెసర్లు నెల రోజులు పండగ చేసుకున్నారు. ఊళ్ళో మాత్రం, మామ పరువు కాపాడడానికి పెద్దాయన అట్ల చెప్పాడులే అనుకున్నారు. మామ నాకు ఫోన్ చేయడం మానేశాడు. ఆ చుట్టుపక్కల రైతులు నలుగురు తాళ్ళు వెనక్కి పంపారు, ఒకటి బస్సు కండక్టరు చేతికిచ్చి. ముళ్ళు ముళ్ళుగానే ఉన్నాయి. మేము వేసినవే.

రిటైరైన రోజు సార్ ఆ రిజిస్టరు నా బల్ల మీద పెట్టి, "ఇది నీ కాడ ఉండనీ" అన్నారు. నేను ఆ పేజీ తెరవలేదు. ఆయన దహనానికి పోయి, వెనక వరుసలో నిలబడి తిరిగొచ్చాకే తెరిచాను. నా మూడు అంకెల మీద సార్ పెన్సిలుతో గీతలు కొట్టి ఉన్నారు. పక్కన గోడ మీది మూడు అంకెలూ రాసి ఉన్నాయి. సంతకం చోటు మూడు వరసల్లోనూ ఖాళీ. నాలుగేళ్ళు ఖాళీగా ఉంది. నేను పెట్టాను. మూడోది వంకర పోయింది.

మొన్న అమావాస్యకు రిజిస్టరు సంచిలో వేసుకుని ఊరికి పోయాను. టీ కొట్టు దగ్గర నిలబడి, ఆ నీలం చుక్క నేను పెట్టిందే, మామ చెప్పింది నిజమే అని అందరూ వినేట్టు చెప్పాను. "ఇది గూడ పరాచికమేనా?" అని ఒకడు నవ్వాడు. ఇంతకాలం నేను సంపాదించుకున్నది అదే. పుస్తకం తెరిచి సంతకాలు చూపించాను. అప్పుడు నవ్వు ఆగింది.

మామ బావి దగ్గరే ఉన్నాడు. చెప్పాల్సింది చెప్పాను. ఆయన తాడు చుట్టలు విప్పుతూ విన్నాడు.

"ఇంత మాట చెప్పేదానికి ఆయప్ప పోవాల్సొచ్చెనా రా?" అన్నాడు.

  మామ గోడ వైపు గడ్డం ఎత్తి చూపించాడు. బొగ్గు అంకెల కింద, గోడ పొడుగునా, పెన్సిలుతో సన్నని అంకెలు. ఆ ఏటి ఎండల నుంచి అంతకుముందు నెల దాకా, ఒక్క అమావాస్య తప్పకుండా. ఆ చేతిరాత నాకు తెలుసు.

"నీకు ఫోన్ చెయ్యనంటే ఆయప్పే వస్తాండె. బస్సు దిగి ఎండలో నడుచుకుంటా వచ్చి, నేను తాడు పడితే ఆయప్ప రాస్తాండె. ఎందుకు సార్ నీకీ తిప్పలు అంటే, మావాడు వచ్చేదాకా ఖాళీ పడకూడదు గదప్పా అంటాండె."

మామ తాడు వదిలాడు. ఎర్ర పేలికలు ఒకటి, రెండు, మూడు లోపలికి దిగిపోయాయి. అడుగున రాయి నీళ్ళను తాకిన చప్పుడు వచ్చింది. ముళ్ళు లెక్కపెట్టి, "ముప్పై ఒకటి" అని నాకు చెప్పాడు, గొంతు తగ్గించకుండా. బొగ్గుముక్క ఒకటి వెతికి నా చేతిలో పెట్టాడు. ముప్పై ఒకటి అని రాసేసరికి నా వేళ్ళు నల్లబడ్డాయి. దాని పైన పెన్సిలు అంకె, చివరిది, గోడ సున్నంలో కలిసిపోయేంత పలచగా ఉంది. నల్లటి వేళ్ళు దానికి తగలకుండా చెయ్యి వెనక్కి తీసుకున్నాను.