ఆగింది ఎవరి ఆర్డర్?

2008, చలికాలం మొదలు. వనపర్తి బస్టాండు దగ్గర నాది చిన్న ఇంటర్నెట్ సెంటర్. అంతకుముందు పల్లికాయ మిల్లులో లెక్కలు రాసేవాణ్ని. కంప్యూటర్ నాకెవరూ నేర్పలేదు, తప్పులు చేస్తూ దిద్దుకుంటూ నేర్చుకున్నాను. అప్పట్లో మా వైపు చాలామందికి సొంత ఈమెయిల్ లేదు. ఆన్‌లైన్‌లో ఏమైనా కొనాలంటే కార్డు వాళ్లది, మెయిల్ ఐడీ మా సెంటర్‌ది. కొరియర్ వాళ్లు ఊళ్లలోకి పోరు కాబట్టి సరుకూ మా అడ్రసుకే వచ్చేది.

ఆ వారం ఒకే షాపింగ్ సైటు నుంచి మూడు ఆర్డర్లు రావాలి. శ్రీరంగాపూర్ ఫొటో స్టూడియో ఆయన కెమెరా, గద్వాల సారు డిక్షనరీ, పెద్దమందడి దవాఖాన నర్సు సుశీలమ్మ నెబ్యులైజర్. నెబ్యులైజర్ అంటే ఆయాసం ఉన్నవాళ్లకు మందును పొగలా పట్టే మిషన్. ఆమె కొడుకు చిన్నవాడు, చలి ముదిరితే ఊపిరాడదు.

ఒక పొద్దున మెయిల్ తెరిస్తే, "మీ ఆర్డర్ ఆగిపోయింది. ఈ రోజే కింది లింకులో కార్డు నంబరు, పిన్ నింపకపోతే రద్దవుతుంది" అని ఉంది. సైటు బొమ్మ, రంగులు అన్నీ అవే. ఆగింది ఎవరి ఆర్డరో మాత్రం లేదు. పిల్లవాడి సంగతి తెలుసు కాబట్టి ముందు సుశీలమ్మకే ఫోన్ చేశాను. డ్యూటీ బట్టల్లోనే వచ్చేసింది.

"గిదేంది అన్నా, పైసలు కట్టినం గద! మల్ల ఆపుడేంది?"

"నాకూ తెల్వదమ్మా. జర చూడనీ."

"చూస్కుంట కూసుంటే రద్దయితది. నంబరు చెప్త, కొట్టు."

నేను కొట్టలేదు. కొట్టకుండా ఉండే ధైర్యమూ లేదు.

"రేపు పిల్లగాడు ఎగపోస్తుంటే నువ్వొచ్చి ఊదుతవా?" అని కోపానికొచ్చింది.

పాత ఆర్డర్ల మెయిళ్లు తీసి పక్కన పెట్టుకున్నాను. ప్రతిదాంట్లో ఆర్డర్ నంబరు, వస్తువు పేరు, కొన్నవాళ్ల పేరు ఉన్నాయి. దీంట్లో అవేవీ లేవు. ఈ ఐడీ మీద మూడు ఆర్డర్లున్నప్పుడు ఏదో చెప్పకుండా "మీ ఆర్డర్" అంటే ఎట్లా? సైటు వాడికి తెలియదా? మౌస్ బాణాన్ని నొక్కకుండా లింకు మీద ఉంచాను. అట్లా పెడితే అది అసలు ఎక్కడికి పోతుందో స్క్రీన్ అడుగున కనిపిస్తుంది. సైటు పేరు ఉండాల్సిన చోట వట్టి అంకెలు, చుక్కలు.

"దొంగ మెయిల్ లెక్కుందమ్మా."

"ఆర్డరు నిజమే గద! మనం కొన్నమని దొంగకెట్ల ఎర్క?"

దీన్ని ఫిషింగ్ అంటారనీ, గాలం వేసినట్టు వేలమందికి ఒకే మెయిల్ పంపుతారనీ, వాళ్లలో నిజంగా కొన్నవాళ్లు కొందరు ఉండనే ఉంటారనీ తర్వాత చదివాను.

చివరికి ఆ లింకు జోలికి పోకుండా సైటు పేరు నేనే టైపు చేసి లోపలికి వెళ్లాను. మూడింటికీ "ప్రాసెసింగ్" అని ఉంది. ఆగినట్టూ లేదు, బయల్దేరినట్టూ లేదు. అక్కడున్న కస్టమర్ కేర్ నంబరుకు ఫోన్ చేస్తే, అది తాము పంపింది కాదనీ, తమకు ఫార్వర్డ్ చేయమనీ అన్నారు. చేశాను. సుశీలమ్మ పోయి తన బ్యాంకులోనూ చెప్పింది. మిషన్ ఎప్పుడొస్తుందో మాత్రం ఎవరూ చెప్పలేదు.

కొన్నాళ్లకు పార్సిల్ వచ్చింది. కొరియర్ వస్తాడని తెలిసి ముందే వచ్చి కూర్చున్న సుశీలమ్మ సంతకం పెట్టనంది.

"ముందు విప్పు. గిదన్న అసలుదేనా?"

కొరియర్ అతను గొణుగుతుండగానే ప్లగ్గు పెట్టి, సంచిలోంచి సెలైన్ తీసి పోసింది. పొగ వచ్చాకే పెన్ను పట్టింది.

ఆ తర్వాత ఎవరికి వారికి ఐడీలు చేసిచ్చాను. మెయిల్ చూపిన దారిన పోవద్దు, సైటుకు మనమే పోవాలని చెప్పేవాణ్ని. కానీ నేను నేర్చుకున్నది వేరే. పిన్ ఎవరికీ ఇవ్వొద్దని సుశీలమ్మకు తెలుసు. కొడుకు ఊపిరి ముందు అది గుర్తురాలేదు. మెయిల్ పంపినవాడికి ఆ పిల్లవాడు ఉన్నాడని కూడా తెలియదు. అయినా గాలం సరిగ్గా అక్కడే తగిలింది.