గాలిమోటరుకు వానదినాల లెక్క

వీఆర్ఎస్ తీసుకోకముందు, ఒక ఏప్రిల్‌లో నన్ను మా బ్యాంకు సారపాక బ్రాంచికి రుణాల అధికారిగా వేశారు. రోజూ పొద్దున భద్రాచలంలో బస్సెక్కి గోదావరి వంతెన దాటేదాన్ని. కిటికీ పక్క సీటు కోసం కాగితం మిల్లు ఉద్యోగులతో నాకు నిత్యం వాదనే. ఆ బస్సు ఇప్పటికీ గుర్తొస్తుంటుంది.

చేరిన నెలలోనే సమ్మయ్య అనే ఆయన తన కూతురు శ్రావణిని వెంటబెట్టుకుని వచ్చాడు. మణుగూరులో ఓపెన్‌కాస్ట్, అంటే పైనుంచే తవ్వే బొగ్గు గనిలో డంపర్ లారీ నడిపేవాడు. కూతురు పైలట్ కోర్సు చదవాలి, దానికి రుణం కావాలి. మా క్యాషియర్ దరఖాస్తు చూసి నవ్వాడు. ఇందులో నవ్వడానికేముందని అతనితో ఒక పూట పోట్లాడాను.

విద్యారుణానికి పద్ధతి ఇది: శిక్షణ సంస్థ ఇచ్చిన ఫీజు పత్రాన్ని బట్టి అధికారి మొత్తం ఖర్చు అంచనా వేసి నోట్ రాయాలి. తండ్రి కొంత వాటా పెడితే మిగతాది బ్యాంకు విడతలుగా సంస్థకే కడుతుంది. లైసెన్సుకు రెండు వందల గంటలు ఎగరాలి. గంటకింతని ఫీజు, పన్నెండు నెలల హాస్టలు, పరీక్షల రుసుము, యూనిఫాం. పత్రంలో హెడ్‌సెట్ లేకపోతే ఫోన్ చేసి మరీ చేర్పించాను. ఆ గర్వం కాస్త ఎక్కువే ఉండేది.

సమ్మయ్య అంతా చదివించుకుని, "వానదినాలకు ఏం రాసిండ్రు మేడం?" అన్నాడు.

"వానకు వేరే ఫీజుండదండీ."

"ఫీజు కాదు. వాన పడితే మా క్వారీల డంపర్లన్నీ బంద్. గాలిమోటరు గూడ ఆగుతది గదా. ఆగిన దినం పిల్ల తినదా?"

"నాయినా, మేడంకు తెల్వదా ఏంది?" అంది శ్రావణి.

తెలుసన్నాను. తెలియదు. సంస్థ పన్నెండు నెలలని రాసిచ్చింది, మీ డంపరు లెక్క ఇక్కడ పనికిరాదని కూడా అన్నాను.

ఆ వానాకాలం మూడు నెలల్లో శ్రావణి ఎగిరింది పదకొండు గంటలు. విరామం ఎక్కువైతే మళ్లీ శిక్షకుడితో కలిసి ఎగిరి చూపించాలి, దానికీ ఫీజే; గంటల కోసం రాసిన డబ్బు కొంత దానికే పోయింది. పన్నెండు నెలలు అయ్యేసరికి రుణం అయిపోయింది, ఇంకా నలభై గంటలు మిగిలే ఉన్నాయి. నెలలోగా కట్టకపోతే పేరు తీసేస్తామంది సంస్థ. సమ్మయ్య రాజీనామా కాగితం జేబులో పెట్టుకుని వచ్చాడు. పీఎఫ్ వస్తే కట్టేస్తాడట.

"జీతం పోతే మా వడ్డీ ఎట్లా కడతారు? ఇంట్లో ఏం తింటారు? ఆ కాగితం లోపల పెట్టండి," అని కసిరాను.

రుణం పెంచాలంటే కారణం రాసి రీజనల్ ఆఫీసు అనుమతి తెచ్చుకోవాలి. అమ్మాయి నెమ్మదిగా నేర్చుకుందని రాస్తే ఎవరికీ ఇబ్బంది ఉండదన్నారు మేనేజర్. అది అబద్ధం, పైగా అట్లా రాస్తే ఇంకా డబ్బెందుకని పైవాళ్లే అడుగుతారని ఆయనతో వాదించాను. ప్రతి ప్రయాణమూ నమోదయ్యే శ్రావణి లాగ్‌బుక్ నకలు తెప్పించి, ఎగరని రోజులన్నిటికీ గుర్తులు పెట్టి జతచేశాను. కారణం అన్నచోట, వర్షాకాలం సంగతి తండ్రి ముందే అడిగారు, అంచనా వేసిన అధికారి పట్టించుకోలేదు అని రాసి సంతకం పెట్టాను.

పదహారు రోజుల్లో అనుమతి వచ్చింది. వెనకే నాకు సంజాయిషీ నోటీసు. ఆ ఏడు ప్రమోషన్ ఇంటర్వ్యూకు నన్ను పిలవలేదు.

ఆ నోట్ పైకి పంపకముందే సంతకాలకు వచ్చిన సమ్మయ్య, "ఈసారి ఎన్ని నెలలకు రాసిండ్రు?" అన్నాడు.

"మీరు చెప్పండి, రాస్తాను."

"ఆరు రాయుండ్రి. నాలుగుల అయితదని సంస్థోళ్లంటరు."

అయిదున్నర నెలలకు శ్రావణి గంటలు పూర్తయ్యాయి. సమ్మయ్య డంపర్ నడుపుతూనే ఉన్నాడు.

ఫీజు పత్రం అనేది అమ్మేవాడి కాగితం. అందులో పని జరిగే రోజులే ఉంటాయి. జరగని రోజుల గురించి కట్టేవాణ్ని అడగాలి, అడిగాక వినాలి. అడగడం నాకు ఎప్పుడూ కష్టం కాలేదు. వినడం ఆ ఫైలు దగ్గర నేర్చుకున్నాను, ఒక ప్రమోషన్ ఖర్చుతో.