డ్రమ్ములన్న అప్పగింత

డ్రమ్ములన్న పోయాడని నాకు చెప్పింది నంద్యాల పత్తి మిల్లు లారీ డ్రైవరు. ఆళ్లగడ్డ బస్టాండు దగ్గర లారీ ఆపి, మా హైస్కూలు దాకా నడిచి వచ్చి, ఎనిమిదో తరగతి పిల్లల చేత కూజా బొమ్మ గీయిస్తున్న నన్ను కిటికీలోంచి పిలిచాడు.

"సారూ, అన్న తెల్లారి పాయ. మూడు గంటలకు సమాధి చేస్తారంట. వస్తారా, నేను అట్లనే పోతాండా" అన్నాడు.

రెండు వారాల కిందట ఇదే మనిషి ఇదే కిటికీ దగ్గరికి వచ్చాడు. "అన్నకు కామెర్లు. పసరు తాగిస్తాండారు. మిమ్మల్ని ఆదివారం రమ్మన్నాడు" అని చెప్పాడు. నేను ఆ ఆదివారం పోలేదు. ఆ తర్వాతి ఆదివారమూ పోలేదు. ఆయన గురించి నాలుగు మంచి మాటలు రాద్దామని కూర్చున్నాను గానీ, ముందు ఈ సంగతి రాయకుండా ఏ మంచి మాటా కలం నుంచి దిగడం లేదు.

ఆయన నాకు తోడబుట్టినవాడు కాదు. నంద్యాలలో మా చర్చి వీధిలో మూడిళ్ల అవతల ఉండేవాడు. మిల్లులో ఫిట్టరు. డెబ్భైల మొదట్లో ఊరు విడిచిపోతున్న ఒక సర్కసు వాళ్ల దగ్గర పాత డ్రమ్ముల సెట్టు కొన్నాడు. కాలితో తొక్కే పెడలు దానికి లేదు. తెగిపోయిన మిషను బెల్టు ముక్క, ఒక ఇనప చువ్వ, తలుపు స్ప్రింగు కలిపి తానే ఒకటి చేసుకున్నాడు. తొక్కినప్పుడల్లా అది కీచుమనేది. ఎన్నిసార్లు నూనె వేసినా ఆ కీచు పోలేదు, కొన్నాళ్లకు ఆయనే వేయడం మానేశాడు.

మేము నలుగురం. అన్న డ్రమ్ములు, నేను గిటారు, ప్రైమరీ స్కూలు మాస్టరు ఒకాయన అకార్డియను, మా వీధి టైలరు పాట. మాకు సినిమా పాటలు వాయించాలని లేదు. సొంతంగా పాటలు కట్టి, గిటారుతో, డ్రమ్ములతో, గట్టిగా, మా యాసలో పాడాలని ఉండేది. నంద్యాలలో అది ఎవరికి కావాలి? బ్యాండు అని చెబితే చాలు, పెండ్లికొడుకు గుర్రం ముందు నడుస్తారా, ఎర్ర కోట్లు మీవేనా మావా అని అడిగేవాళ్లు. అందుకని అన్న ఒక ఒప్పందం పెట్టాడు. ఎక్కడికి పిలిచినా పది సినిమా పాటలు వాయించాలి, పదకొండోది మనది. ఆ పదకొండో పాట మొదలు కాగానే జనం భోజనాలకు లేచేవాళ్లు. అన్నకు అదేమీ పట్టేది కాదు. ఖాళీ కుర్చీల వైపు చూస్తూ అదే ఊపుతో వాయించేవాడు.

మేము ఎన్నిసార్లు విడిపోయామో చెప్పడానికి నాకే సిగ్గు. పాణ్యంలో ఒక పెండ్లిలో అకార్డియన్ మాస్టరును మొదటి పంక్తిలో కూర్చోబెట్టి, మమ్మల్ని మూడో పంక్తిలో కూర్చోబెట్టారు. టైలరు దాని మీద అలిగి రెండు నెలలు పాడలేదు. ఇంకోసారి పాట ఏ శ్రుతిలో ఎత్తుకోవాలనే దాని మీద మాస్టరూ టైలరూ చొక్కాలు పట్టుకున్నారు. ఆ చొక్కాలు రెండూ టైలరు కుట్టినవే.

అన్న ఎవరికీ నచ్చజెప్పేవాడు కాదు. తప్పెవరిదని అడిగేవాడూ కాదు. శనివారం మిల్లు నుంచి వస్తూ ఒక్కొక్కరి ఇంటి ముందు సైకిలు ఆపి, ఒక కాలు నేల మీద పెట్టి, "ఆదివారం రా" అనేవాడు. అంతే, తొక్కుకుంటూ పోయేవాడు. మరుసటి రోజు చర్చి అయిపోయాక మేము ఆయన ఇంటి వెనక రేకుల షెడ్డుకు చేరేవాళ్లం. వదిన ఉగ్గాని, బజ్జీలు పెట్టేది. తింటూ తింటూ ఎవరో ఒకరు ఏదో ఒకటి అనేవాళ్లు, నవ్వొచ్చేది, మళ్ళీ బ్యాండు అయ్యేది. తాళం తప్పినప్పుడు కూడా ఆయన చెప్పేది ఇంతే. "తప్పితే నిలబడొద్దప్పా. పక్కోని మొగం చూడు, దొరుకుతాది."

ఆయన పెట్టిన పద్ధతుల్లో ఒకదాని గురించి చెప్పాలి. అకార్డియన్ మాస్టరుకు జూపాడు బంగ్లాకు బదిలీ అయింది. ఇక రాలేనన్నాడు. అన్న సరేనన్నాడు గానీ, "నువ్వు పో మాస్టరూ. నీ వాయింపు మాత్రం ఈడ పెట్టి పో" అన్నాడు. చర్చిలో హార్మోనియం వాయించే నర్సు ట్రైనింగు అమ్మాయి ఒకామెను పిలిచి, మాస్టరుకు ఎదురుగా కుర్చీ వేసి కూర్చోబెట్టాడు. మూడు ఆదివారాలు మాస్టరు తాను వాయించేదంతా ఆమెకు నేర్పాడు. ఎక్కడ ఊపిరి తీసుకుంటాడో, ఎక్కడ మమ్మల్ని ముందు పోనిస్తాడో, అదంతా కూడా. మూడో ఆదివారం టైలరు పెండ్లికూతురి తల్లిలా తువ్వాలుతో కండ్లు ఒత్తుకుని అందరినీ నవ్వించాడు. అప్పటి నుంచి దాని పేరు అప్పగింత. ఎవరు పోయినా అప్పగించి పోవాల్సిందే. మనుషులు మారినా మా పాటలు చెడిపోకుండా ఉన్నాయంటే దానివల్లే.

ఆ పద్ధతిని కాలదన్నింది నేనొక్కడినే.

నేను కట్టిన పాట ఒకటి ఉండేది. నల్లమల నుంచి వెదుళ్ల బండ్లు దిగి వచ్చే దారి మీద కట్టాను. దాని ముందు గిటారు ఒక్కటే కాసేపు మోగుతుంది, వెనక డ్రమ్ము సన్నగా నడుస్తుంది, ఆ తర్వాత పాట. అది వాయిస్తే నాకు ఒళ్లు తెలిసేది కాదు. కొత్తపల్లెలో ఒక పెండ్లిలో పదకొండో పాటగా దాన్ని ఎత్తుకోబోతుంటే, పెండ్లికూతురి అవ్వ ఇంకొక సినిమా పాట కావాలంది. అన్న ముసలామె మొహం చూసి, "ఈ ఒక్కసారికి కానీ" అన్నాడు. నేను గిటారు సంచిలో పెట్టేశాను. ఆ వారమే నాకు ఆళ్లగడ్డ హైస్కూల్లో డ్రాయింగు మాస్టరు ఉద్యోగం వచ్చింది. దేవుడు నా పక్షాన ఉన్నాడనుకున్నాను.

అన్న బస్టాండుకు వచ్చాడు. "కోపమొస్తే పో. అప్పగించి పో" అన్నాడు.

"ఆ పాట నేను కట్టినా. నాతోనే వస్తాది" అన్నాను.

"పాట నువ్వే కట్టినావు. వాయింపు అందరిదీ కదప్పా."

నేను బస్సెక్కి కూర్చున్నాను. ఆయన బస్సు కదిలేదాకా నిలబడ్డాడు. నేను అటు తిరగలేదు. ఇప్పుడు తలుచుకుంటే ఆ కుర్రతనం చెంప పగలగొట్టాలనిపిస్తుంది.

ఆళ్లగడ్డలో నేనే సొంతంగా ఒక పార్టీ పెట్టాను. నా పేరు పైన, మిగతావాళ్లవి కింద. ఒక ఎండాకాలం మొదలై మరో ఎండాకాలానికి చెల్లాచెదురైంది. బొంగో డ్రమ్ములు వాయించేవాడు పోయినప్పుడు మాకు వాడి చోట ఏమీ మిగల్లేదు. ఎవరినీ కలపడం నాకు చేతకాలేదు. శనివారం సైకిలెక్కడానికి నాకు గర్వం అడ్డం వచ్చేది.

మూడు నాలుగేళ్ల తర్వాత పాణ్యంలో మా బంధువుల పెండ్లికి పోతే, పందిట్లో నంద్యాల వాళ్లే ఉన్నారు. అన్న ఉన్నాడు, హార్మోనియం అమ్మాయి ఉంది, టైలరు ఉన్నాడు, గిటారుకు ఎవరో కొత్త మనిషి. పది పాటలయ్యాయి. పదకొండోది నాది. మొదట్లో గిటారు మోగాల్సిన చోట కొత్త మనిషి చేతులు ముడుచుకుని కూర్చున్నాడు. అన్న ఒక్కడే సన్నగా డ్రమ్ము నడిపాడు, నా వాయింపు ఎంతసేపు ఉండాలో సరిగ్గా అంతసేపు. తర్వాత టైలరు పాట అందుకున్నాడు. పందిట్లో ఎవరికీ ఏ లోపమూ తెలియలేదు. నాకు మాత్రం తెలిసింది.

భోజనాల తర్వాత అన్న చేతులు కడుక్కునే చోటికి పోయి నిలబడ్డాను. "ఆ వాయింపు వానికి నేర్పించుకోవచ్చు కదన్నా. విని పట్టుకుంటాడు" అన్నాను.

"ఎట్ల నేర్పించేది? నువ్వు అప్పగించల్యా. అప్పగించకుండా చోటు ఎవురికీ పోదు."

"నన్ను తిట్టన్నా."

"ఏందీ తిట్టేది. ఆదివారం రా" అన్నాడు.

ఆ ఆదివారం పోయాను. తర్వాత చాలా ఏండ్లు ప్రతి ఆదివారం పొద్దున ఆళ్లగడ్డలో బస్సెక్కి నంద్యాలలో దిగేవాడిని. ఆ కొత్త మనిషీ నేనూ ఇద్దరం గిటారు వాయించేవాళ్లం, పాట ముందు వచ్చే వాయింపు మాత్రం నాది. నా జీవితంలో నేను ఎవరికైనా నిజంగా అవసరమయ్యానంటే ఆ ఏండ్లలోనే.

ఎనభైలు వచ్చాక టేపు రికార్డర్లు వచ్చాయి. మైకు సెట్టు వాడే నాలుగు క్యాసెట్లు తెచ్చి పెండ్లి జరిపిస్తే, డ్రమ్ములు మోసుకొచ్చే మనుషులు ఎవరికి కావాలి? పిలుపులు తగ్గాయి. గిటారు కొత్త మనిషి హైదరాబాదుకు పోయాడు. హార్మోనియం అమ్మాయికి గవర్నమెంటు ఆసుపత్రిలో ఉద్యోగం, పెండ్లి. ఆమె అప్పగించడానికి వచ్చి కూర్చుంటే ఎదురు కుర్చీలో కూర్చునేవాళ్లు లేరు. అన్నే కూర్చున్నాడు. తర్వాత టైలరు గొంతు పోగొట్టుకుని పాటలన్నీ ఆయనకే అప్పగించాడు. అన్న గొంతు రాళ్లు గుమ్మరించినట్టు ఉంటుంది, అయినా వరస తప్పకుండా నేర్చుకున్నాడు. చివరికి నాకూ నడుం నొప్పి, పిల్లల చదువులు, ప్రతి ఆదివారం బస్సు. నావల్ల కాదన్నాను. మూడు ఆదివారాలు ఆయనకు గిటారు నేర్పాను. మిల్లులో నలిగి మొద్దుబారిన వేళ్లు తీగల మీద నిలిచేవి కావు. పట్టు వదల్లేదు.

"ఇవన్నీ నీ దగ్గర పెట్టుకోని ఏం చేస్తావన్నా?" అని అడిగాను.

"ఎవురన్నా అడిగితే ఇస్తా" అన్నాడు.

ఆ తర్వాత కూడా ఆరు నెలలకో, ఏడాదికో, ఎవరి చేతనో "ఆదివారం రా" అని కబురు పంపేవాడు. వెళ్లేవాళ్లం. రెండు పాటలకు ఆయాసం వచ్చేది. ఎవరో ఒకరు పాత గొడవ తవ్వేవాళ్లు. ఉగ్గాని తిని, మళ్ళీ కలుద్దామని చెప్పి, కలవకూడదని మనసులో అనుకుంటూ బస్సెక్కేవాళ్లం. నిజం చెబుతున్నాను, నాకు విసుగెత్తింది. విడిపోయినందుకు కాదు, కలిసీ కలిసీ.

అందుకే లారీ డ్రైవరు మొదటిసారి కబురు తెచ్చిన రోజు, ఇంకో కలయికేమో అనుకున్నాను. కామెర్లు ఎవరికి రావు, తగ్గుతాయి అనుకున్నాను. దిద్దాల్సిన పేపర్లున్నాయని చెప్పి పంపించేశాను.

సమాధి దగ్గర టైలరు, జూపాడు బంగ్లా నుంచి వచ్చిన మాస్టరు, నేను ఒకరి పక్కన ఒకరం నిలబడ్డాం. ఇంటికి తిరిగి వచ్చాక జనం పలచబడ్డారు. వదిన నన్ను వంటింట్లోకి పిలిచింది. చుట్టాలు తిన్న పళ్ళేలు కడుగుతూ ఉంది. వద్దన్నా వినకుండా ఎవరినీ కడగనివ్వడం లేదట.

"నీకోసం రెండు ఆదివారాలు చూసినాడప్పా" అంది. "షెడ్డులోకి ఎత్తుకపోయి కూచోబెట్టమన్నాడు. ఎదురుగా కుర్చీ ఏయించినాడు. బస్సు వచ్చే టైము దాటినాక కూడా ఆడనే ఉన్నాడు."

కలయిక కోసం కాదు, ఆయన నన్ను పిలిచింది. ఆయన ఎన్నడూ బ్యాండు విడిచిపెట్టి పోలేదు. అందుకే ఆయన వాయింపు ఇంతవరకూ ఎవరికీ అప్పగించలేదు. అందరివీ ఆయన దగ్గర ఉన్నాయి, ఆయనది ఎవరి దగ్గరా లేదు. ఇంత చిన్న సంగతి నాకు అప్పటిదాకా తట్టలేదు.

"తప్పయిపాయ వదినా" అన్నాను. ఏడుపు ఆగలేదు.

"ఏడ్సొద్దు. రెండో వారం నువ్వు రాకుంటే నన్ను కూచోబెట్టుకున్యాడు. నాకేం తెలుసప్పా అవన్నీ, వద్దంటి. 'నీకు తెలియాల్సిన పనిల్యా. వాడు వస్తే చెప్పు, వాడు పట్టుకుంటాడు' అన్యాడు. మీ వెదుళ్ల బండ్ల పాటది. గిటారు ఒక్కటే మోగేతప్పుడు ఆయన ఎనకాల కొట్టేది."

ఆమె పళ్ళెం బోర్లించింది. సబ్బు నురగ ఉన్న రెండు చేతుల వేళ్లతో దాని మీద మెల్లగా తట్టడం మొదలుపెట్టింది. పెదవులు కదులుతున్నాయి, లెక్క పెట్టుకుంటున్నట్టుంది. ఒక వరస సాగింది. రెండోది సాగింది. మూడో దాంట్లో కుడి చెయ్యి ముందు పడి, ఎడమ చెయ్యి గాలిలోనే ఆగిపోయింది.

"ఉండప్పా, ఈడ తప్పినా" అని, కొంగుకు చేతులు తుడుచుకుని, మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకుంది.