నాలుగో సంపుటంలోని గుంట

నతానియేల్ జీపు ఎక్కినవాళ్లు ఊరు చేరడం ఖాయం. తొమ్మిది సంపుటాల కథ వినడం అంతకన్నా ఖాయం. చింతపల్లి ఘాట్‌లో స్టీరింగు పట్టినంతసేపూ ఆ ఇంగ్లీషు పుస్తకాల్లోని రాజులూ, రెక్కల పాములూ, మంచుకోటలూ ఆయన నోటి నుంచి వస్తూనే ఉంటాయి. కథ చెప్పి ఊరుకోడు, రాసిన రచయితకి మార్కులు కూడా తనే వేస్తాడు.

"యుద్దాలు రాయడంలో ఆయనకి నూటికి నూరు. విందులతోనే పేణం తీసేత్తాడు. రెండో పుస్తకంలో పెళ్లి బోజనం నలబై పేజీలు!"

ఆ భోజనం చెబుతూ నాలుగు మలుపులు దాటించాడు, ఇంకా పులుసు వడ్డించలేదు. వెనక సీట్లో వింటున్న సోంబరు అనే రైతు తను దిగాల్సిన ఊరు దాటిపోయి రెండు కిలోమీటర్లు వెనక్కి నడిచాడు. "నన్ను తిట్టుకున్నావేటి?" అని మర్నాడు నతానియేల్ అడిగితే, "తిట్టేను గానీ, పెళ్లికూతురు తిన్నాదా లేదా?" అన్నాడు.

సుజానా టీచరు రోజూ ఆ జీపులోనే బడికి వెళ్తుంది. మొదటి నెల చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుంది. రెండో నెల నుంచి ముందు సీటు కోసం పరుగెత్తింది. మొదటి మూడు పుస్తకాలూ అరువు తీసుకుని చదివేసింది. నాలుగోది మాత్రం నతానియేల్ ఇవ్వలేదు. ఎలకలు కొట్టేశాయన్నాడు ఒకసారి, బావ పట్టుకెళ్లాడన్నాడు ఇంకోసారి.

బుధవారం సంతకి మిరియాల మూటతో సవరమ్మ ఎక్కుతుంది. ఆమెకి రాజులతో పని లేదు. మూడో పుస్తకంలో అలిగి ఇల్లు వదిలిన మీరెన్ అనే పిల్ల ఒక్కతే కావాలి.

"ఆ గుంట ఇంటికొచ్చినాదా, బాబూ?"

"దారిలో ఉందమ్మా."

ఆరేళ్ల కిందట సవరమ్మ కూతురు కూడా తల్లితో మాటా మాటా పెరిగి కొండ దిగిపోయింది. ఫోను లేదు, కబురు లేదు. ఆ సంగతి జీపులో అందరికీ తెలుసు, ఎవరూ ఎత్తరు.

సెలవులకి విశాఖ వెళ్లిన సుజానా పాత పుస్తకాల కొట్లో నాలుగో సంపుటం కొనుక్కుంది. రెండువందల పన్నెండో పేజీలో, ఒకే ఒక్క వాక్యంలో, మీరెన్ మంచులో చచ్చిపోయింది. సుజానాకి ఒళ్లు మండింది. ఏడాదిగా తను కూడా ఆ పిల్ల కోసమే ఎదురుచూస్తోంది మరి.

బుధవారం జీపు ఎక్కుతూనే నతానియేల్‌ని నిలదీసింది. "చచ్చిపోయిన పిల్లని ఇంకో ఐదు పుస్తకాలు నడిపించావా?"

నతానియేల్ తల గోక్కున్నాడు. "మొత్తం తొమ్మిదింటిలో పెద్ద తప్పు అదే, టీచరమ్మా. విందుకి నలబై పేజీలు, పిల్లకి ఒక్క లైనా? నేనే దిద్దేసినాను. సవరమ్మ మొదటిసారి అడిగినప్పుడు ఆవిడ మొకం నువ్వు సూడలేదు."

ఇంతలో సవరమ్మ వచ్చి, మూట ఒళ్లో పెట్టుకుని ఇద్దరి మధ్యా సర్దుకుంది. "నువ్వూ ఆ పుస్తకం సదువుతున్నావంట గదమ్మా. గుంట ఎందాకా వచ్చినాది?" అని ఈసారి సుజానానే అడిగింది.

నతానియేల్ చెయ్యి గేరు మీద అలాగే ఉండిపోయింది.

సుజానా నిజం చెప్పడానికే నోరు తెరిచింది. "ఏరు దాటిందమ్మా. ఘాట్ కిందికి వచ్చేసింది."

"అయ్యో, ఇక్కడి నుంచి ఎక్కడమే కట్టం. జీపు దొరుకుతాదా?"

"సీటు ఆపి ఉంచేనమ్మా," అన్నాడు నతానియేల్.

"గాలి తగిలే సివరి సీటియ్యి బాబూ," అంది సవరమ్మ. "ఘాట్లో దానికి కడుపులో తిప్పుతాది."