ముప్పైకి ఏడు మార్కుల సువాసనలు

మా మేనకోడలు సునీత తెనాలిలోని ఒక ప్రైవేటు కళాశాలలో పద్నాలుగేళ్లుగా రసాయన శాస్త్రం చెబుతున్నది. ఆ ఉద్యోగం మానేసి, బెంగళూరు కంపెనీ ఒకటి తయారుచేసే అరుదైన సెంట్లకు ఏజెన్సీ తీసుకోవాలని ఆమె కోరిక. ఏ సంగతో సోమవారంలోగా ఆ కంపెనీకి చెప్పాలి. సునీత తల్లి, అంటే మా చెల్లెలు, ఒకే షరతు పెట్టింది: "మావయ్య సరేనంటేనే మానెయ్." నేను తూనికలు కొలతల శాఖలో ముప్పై మూడేళ్లు తనిఖీలు చేసి పదవీ విరమణ పొందినవాడిని. కొలవకుండా సరేననే అలవాటు నాకు లేదు. అందుచేత గత జూలై రెండవ శనివారం, కళాశాలకు సెలవు గనుక, ఇద్దరం మూడు నమూనా సీసాలతో బయలుదేరాము.

ఒక్కొక్క సీసాలో రెండు మిల్లీలీటర్లు. మన ప్రాంతపు వాసనలనే పట్టి బంధించామని కంపెనీవారి కరపత్రం. 'తొలకరి' తెనాలిదట, 'ఉప్పుగాలి' బాపట్లదట, 'కాలువగట్టు' రేపల్లెదట. యాభై మిల్లీలీటర్ల పెద్ద సీసా రెండువేల ఐదువందలు. అనగా మిల్లీలీటరు యాభై రూపాయలు. మూడవ సీసాలో "గేదె ఊపిరి, అమ్మమ్మ కొంగు" కలిశాయని కూడా రాశారు. ఎవరి అమ్మమ్మో రాయలేదు. ఏ పాళ్లలో కలిపారో అసలే రాయలేదు.

పద్ధతి నేను నిర్ణయించాను. ఏ ఊరి సీసాను ఆ ఊళ్లోనే తెరవాలి. చుక్క వేసిన కాగితపు పట్టీని అక్కడి గాలితో పోల్చాలి. పేరు చెప్పకుండా స్థానికులొకరి అభిప్రాయం అడగాలి. పదికి మార్కులు వేయాలి.

ఉదయం ఆరున్నరకు తెనాలి స్టేషను బయట టీ బండి దగ్గర మొదటి సీసా తెరిచాము. రాత్రి వాన పడి ఉన్నది, పరీక్షకు అనువైన వాతావరణమే. టీ కాచే ఆయన పట్టీని ముక్కు దగ్గర పెట్టుకొని కాసేపు ఆలోచించాడు.

"స్లాబు పోసి నీళ్లు కట్టినప్పుడు వస్తది చూడండి బాబాయిగారూ, ఆ వాసనండి."

నేను మూడు మార్కులు వేశాను. సునీత ఒప్పుకోలేదు.

"తెనాలిలో ఇప్పుడు మట్టి ఎక్కడుంది మావయ్యా? సందుసందుకీ సిమెంటు రోడ్డేగా. వాళ్లు సరిగ్గానే పట్టారు."

చుట్టూ చూశాను. ఆమె మాట నిజమే. ఐదుకు పెంచాను.

ఏడుంపావుకు బాపట్ల వైపు ప్యాసింజరు. టికెట్టు మనిషికి పది రూపాయలు. పెట్టెలో కూర్చొని తెనాలి పట్టీని ఒకరి తర్వాత ఒకరం వాసన చూస్తుంటే, ఎదుటి సీటు ఆయన "ఏంటండి, కరోనా టెస్టా?" అని అడిగాడు. వ్యాపారమని సునీత చెప్పింది. అయినా ఆయన కిటికీ తెరిచి, రెండు సీట్లు అవతలికి జరిగాడు.

బాపట్లలో ఇడ్లీ తిని, షేరు ఆటోలో సూర్యలంక తీరానికి చేరేసరికి తొమ్మిదిన్నర. అక్కడి గాలిలో వేగుతున్న చేపలు, కాలుతున్న మొక్కజొన్నపొత్తులు, తడిబట్టలు, వాటన్నిటి వెనుక ఎక్కడో సముద్రం. 'ఉప్పుగాలి' పట్టీలో వీటిలో ఒక్కటీ లేదు. ఎండుచేపల బుట్టతో ఆటో కోసం నిలబడిన నాగమ్మ అనే యాభై ఏళ్ల ఆమెను సాక్షిగా పిలిచాము.

"ఏంటమ్మా ఇది? కొత్తగా కట్టిన బాత్రూములాగుంది."

"బెంగళూరువాళ్ల సముద్రమట" అన్నాను.

"సముద్రమా? పుట్టిందగ్గర్నుంచీ దీని పక్కనే ఉన్నా బాబాయ్. ఇంత శుభ్రంగా ఒక్కనాడూ లేదు."

సున్నా వేసి సీసాకు మూత పెట్టబోయాను. నాగమ్మ చెయ్యి చాచింది.

"నాకు కాస్త వెయ్యమ్మా."

"సముద్రంలా లేదన్నావుగా?" అన్నాను.

"అందుకేగా అడిగేది. ఆటోలో నా పక్కన కూర్చోవాలంటే కాలేజీ పిల్లలు ముక్కు మూసుకుంటారు. పోయిన వారం ఒకమ్మాయి దిగి ఇంకో ఆటో ఎక్కింది." నవ్వుతూనే చెప్పింది. చెప్పాక చేతులు కొంగుకు రెండుసార్లు తుడుచుకుంది.

సునీత నా దగ్గర సీసా తీసుకొని ఆమె చేతికే ఇచ్చింది. మెడకు, మణికట్లకు, చివరకు బుట్ట మీది గుడ్డకు కూడా పూసి నాగమ్మ దానిని ఖాళీ చేసింది. తిరుగు ఆటోలో డ్రైవరు వెనక్కి తిరిగాడు.

"ఎవరక్కా ఎక్కింది? పెళ్లికూతురా, చేపలా?"

"రెండూనురా. పోనియ్యి."

"ఏం సెంటు ఆంటీ?" అని అడిగింది ఒక కాలేజీ అమ్మాయి.

"సముద్రం సెంటమ్మా. బెంగుళూరిది."

ఆటో అంతా నవ్వింది. ఆ అమ్మాయి కాస్త జరిగి బుట్టకు చోటిచ్చింది. నేను గమనించినంతవరకు ఎండుచేప వాసన ఏమాత్రం తగ్గలేదు. దానికి బాత్రూము వాసన తోడైంది, అంతే. తొమ్మిది కిలోమీటర్లలో ఎవరూ దిగలేదు. బాపట్లలో దిగేటప్పుడు నాగమ్మ ధర అడిగింది. అంత చిన్న సీసా వంద పడుతుందని సునీత చెప్పింది.

"వందా? పోనీ, నెలకొకటి తెచ్చిపెట్టమ్మా. పెద్దది నాకెందుకు?"

భోజనం చేసి, ఒంటిగంటకు రేపల్లె బస్సెక్కాము. రేపల్లెలో మూడుంపావుకు కాలువ గట్టున మూడవ పరీక్ష. గాలిలో నారుమళ్ల బురద, పురుగుమందు, దూరాన రొయ్యల చెరువు. పట్టీలో పాలు, వట్టివేరు. చెరకు రసం అమ్మే ఆయన "పెళ్లిపందిరి వాసనండి" అని మర్యాదగా తిరిగి ఇచ్చాడు. ఒక గేదె పక్కనే నిలబడి ఉన్నా తన ఊపిరిని గుర్తుపట్టిన సూచన ఏదీ ఇవ్వలేదు. రెండు మార్కులు. మొత్తం ముప్పైకి ఏడు.

ఐదున్నరకు తెనాలి ప్యాసింజరు. భట్టిప్రోలులో నాట్లు వేసి వస్తున్న కూలీ స్త్రీలు మోకాళ్ల దాకా బురదతో ఎక్కారు. కరపత్రం చెప్పిన కాలువగట్టు నిజంగా పెట్టెలోకి వచ్చి నిలబడింది. ఇస్త్రీబట్టల ప్రయాణికులు కాళ్లు ముడుచుకున్నారు. ఈ దారిన వెళ్లదలచిన పాఠకులకు ఒకటే చెప్పగలను: ఈ మూడు ఊళ్ల వాసన చూడడానికి రెండువేల ఐదువందలు అక్కరలేదు, టికెట్టు చాలు. అయితే టికెట్టు కొన్నవారిలో ఆ వాసన కోరినవారు నాకు ఒక్కరూ కనిపించలేదు.

చెల్లెలి నుంచి ఫోను వచ్చింది. సునీత స్పీకరు పెట్టి, కిటికీలోంచి బయటకు చూస్తూ కూర్చున్నది.

"ఏం తేల్చావన్నయ్యా?"

"ముప్పైకి ఏడు. సరుకు ఒకటి, పేరు ఒకటి. నా సర్వీసులో అయితే జప్తు చేసేవాడిని."

"హమ్మయ్య. ఉద్యోగం మానొద్దని దానికి గట్టిగా చెప్పు."

"మానెయ్యమను" అన్నాను.

సునీత ఇటు తిరిగింది.

"కంపెనీతో ముందే తేల్చుకోవాలి" అని కొనసాగించాను. "ఊళ్లను బట్టి పెట్టిన పేర్లు తీసెయ్యాలి. చిన్న సీసాలివ్వాలి. ఇది ఇక్కడి వాసన కాదని సీసా మీద స్పష్టంగా రాయాలి."

"అలా రాస్తే ఎవరు కొంటారన్నయ్యా?"

"ఒకామె ఉందమ్మా" అన్నది సునీత. "నెలకొకటి."

ఒకటి కూడా సంఖ్యే గనుక నేను అభ్యంతరం చెప్పలేదు.