సరిహద్దు దాటిన అన్నం

డెబ్బైల్లో ఒక కరువు ఏడు, జిల్లా దాటి బియ్యం తీసుకెళ్లకూడదని ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. కొడకండ్ల నుంచి సూర్యాపేట వెళ్తున్న మా బస్సును చెక్‌పోస్టు దగ్గర ఆపి, మూటలన్నీ విప్పించారు. నా పక్కన కూర్చున్న అవ్వ కూడా తన మూట విప్పింది. గిన్నె నిండా వండిన అన్నం. జవాను దాన్ని చూసి ముందుకు కదిలాడు.

"ఇంత అన్నం ఎవరికవ్వా?" అని అడిగాను.

"బాలింత బిడ్డకు, కొడుకా. బియ్యం తీస్కపోతె గుంజుకుంటుండ్రు, అన్నమైతె ఏమంటలేరు. దినం ఇడిసి దినం గిట్లనే పోతున్న. తిరిగి తిరిగి పానం యాష్టకొచ్చింది."

"బియ్యం కొన్నవేనా?"

"ఏంది కొనేది? మా పొలంల పండినయే."

ఆకలిగా ఉన్నట్టు కనిపించానేమో, ఒక ముద్ద తీసి నా చేతిలో పెట్టింది. ఆ ఉత్తర్వు నకళ్లు టైపు చేసిన గుమస్తాను నేనేనని చెప్పలేక, తలవంచుకుని తిన్నాను.